తాళంచెవి దగ్గరే ఉందని కారు ఎలా నమ్ముతుంది?

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాడు. కిందటి చలికాలంలో వాళ్ల పక్కింటివారి కారు రాత్రికి రాత్రే ఇంటి ముందు నుంచి మాయమైంది. అద్దం పగలలేదు, అలారం మోగలేదు, తాళంచెవులు రెండూ తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతూనే ఉన్నాయి. "అన్నయ్యా, కీ ఇంట్లోనే ఉంటే కారు ఎలా కదిలింది?" అని వాడు అడిగినప్పుడు ఫోనులో నాలుగు మాటలు చెప్పాను గాని, అవి నాకే చాలలేదు. చాలా ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి, ఆ జవాబును ఇక్కడ మొదటి నుంచి వివరంగా రాస్తున్నాను.

నా కారు తాళంచెవి జేబులో ఉంటే చాలు, బయటికి తీయకుండానే కారు తెరుచుకుంటుంది. అందులో బ్యాటరీ మార్చవలసి వచ్చిన రోజున దాన్ని విప్పి, బల్ల మీద పెట్టి చూశాను. రూపాయి బిళ్లంత సీఆర్ 2032 బ్యాటరీ, వేలిగోరంత చిప్పు, దాని పక్కన నల్లని చిన్న దిమ్మె ఒకటి కనిపించాయి. ఆ దిమ్మె చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ మూడు దిక్కులుగా చుట్టి ఉంది. తాళంచెవి జేబులో నిలువుగా ఉన్నా, చేతిసంచిలో తలకిందులుగా పడి ఉన్నా కారు పిలుపు వినబడాలి కనుక మూడు దిక్కులకూ వినికిడి అవసరం. ఆ మూడు చుట్లు చేసే పని అదే. మన పెద్దలు దీనికి తాళం"చెవి" అని పెట్టిన పేరు ఈ కాలపు పరికరానికి ఇంత చక్కగా కుదురుతుందని అంతకుముందు నాకు తట్టలేదు.

డోర్ హ్యాండిల్ మీది బటన్ నొక్కగానే, హ్యాండిల్ లోపల దాగిన తీగచుట్ట సుమారు 125 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. ఇది అయస్కాంత క్షేత్రం కనుక దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా క్షీణించి, మీటరు, మీటరున్నర దాటేసరికి తాళంచెవికి అందనంత బలహీనమైపోతుంది. ఆ పిలుపులో ప్రతిసారీ కొత్తగా పుట్టించిన ఒక సంఖ్య ఉంటుంది. నిద్రలో ఉన్న తాళంచెవి మేల్కొని, ఆ సంఖ్యను తనకూ కారుకూ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్యతో కలిపి లెక్కకట్టి, వచ్చిన ఫలితాన్ని 433 మెగాహెర్ట్‌జ్ దగ్గర తిరిగి పంపుతుంది. కారు కూడా అదే లెక్క చేసుకుని, రెండు జవాబులూ సరిపోతేనే తలుపు తెరుస్తుంది. లోపల కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కినప్పుడు ఇదే సంభాషణ మరొకసారి జరుగుతుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా, తాళంచెవిని స్టార్ట్ బటన్‌కో, కారు పుస్తకంలో చూపిన చోటికో ఆనించి పట్టుకుంటే, అక్కడి తీగచుట్ట ఇచ్చే శక్తితోనే అది జవాబు చెప్పగలదు.

ఈ ఏర్పాటులో లెక్క పటిష్ఠంగానే ఉంది. లోపమంతా ఒక ఊహలో ఉంది. జవాబు వచ్చింది కాబట్టి తాళంచెవి మీటరు దూరంలోనే ఉండి ఉంటుందని కారు అనుకుంటుంది. అది దూరాన్ని కొలవదు, ఊహిస్తుంది. రాత్రి తలుపు తట్టినవారిని "ఎవరది?" అని అడిగి, ఎరిగిన గొంతు వినబడగానే గడియ తీసేవాళ్లం ఉంటాం. ఆ గొంతు గుమ్మం ముందున్న మనిషిదా, ఎవరో చేత్తో పట్టుకున్న ఫోనులోంచి వస్తున్నదా అని మనం తరచి చూడం. కారు కూడా చూడదు.

దొంగలకు కావలసింది ఆ ఫోనులాంటి రెండు పెట్టెలు మాత్రమే. ఒకడు కారు పక్కన నిలబడి కారు పిలుపును పట్టి పంపిస్తాడు, రెండవవాడు ఇంటి తలుపు దగ్గర నిలబడి అదే పిలుపును లోపలికి వినిపిస్తాడు, కొక్కేనికి ఉన్న తాళంచెవి నిజాయితీగా జవాబు చెబుతుంది, ఆ జవాబు కారుకు చేరుతుంది. రహస్య సంఖ్య ఏమిటో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఈ పద్ధతిని పరీక్షించి, అన్నిటినీ తెరిచి చూపించారు. 2017 నవంబరులో వెస్ట్ మిడ్లాండ్స్ పోలీసులు సోలిహల్‌లోని ఒక ఇంటి కెమెరా దృశ్యాన్ని బయటపెట్టారు: ఒకడు ఇంటి గోడ వెంట పెట్టెను అటూ ఇటూ కదుపుతూ ఉండగా, రెండవవాడి పక్కనున్న మెర్సిడెస్ తెరుచుకుంటుంది, సుమారు ఒక నిమిషంలో అది వీధిలోంచి వెళ్లిపోతుంది. అది మా తమ్ముడి ఇంటికి ఎంతో దూరం కాదు.

బయలుదేరాక తాళంచెవి అందకపోతే కారు ఆగిపోవాలి కదా అని చాలామంది అడుగుతారు. నడిరోడ్డు మీద ఇంజిను ఆగితే ప్రాణాలకే ప్రమాదం కనుక, కారు హెచ్చరిక చూపిస్తుందే తప్ప ఆగదు. ఈ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం.

లెక్క పటిష్ఠంగా ఉందన్నాను గాని, అన్ని కార్లలోనూ కాదు. ఒక తరం తాళంచెవులలో 40 బిట్ల రహస్య సంఖ్యను వాడారు. అంటే దాదాపు లక్షా పదివేల కోట్ల అవకాశాలు. వినడానికి పెద్ద సంఖ్యే అయినా కంప్యూటర్‌కు అది చాలా చిన్నది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు 2005లోనే ఈ పద్ధతిని ఛేదించగా, 2018లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వారు టెస్లా మోడల్ ఎస్ తాళంచెవిలో అదే పద్ధతి ఇంకా వాడుకలో ఉందని గుర్తించి, కొన్ని సెకన్లలో దాని నకలు తీయవచ్చని నిరూపించారు. ఛేదింపబడిన పద్ధతి 13 ఏళ్ల తర్వాత కూడా అంత ఖరీదైన కారులో కొనసాగడం నాకు బాధ కలిగించింది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ కోరిక మీద లండన్ హైకోర్టు కారు తాళంచెవులలో వాడే మరొక చిప్పు బలహీనతల మీద పరిశోధకులు రాసిన వ్యాసాన్ని ఆపివేసింది. అది 2015లో గాని వెలుగు చూడలేదు. ఆ రెండేళ్లూ కారు యజమానులు చీకట్లోనే ఉన్నారు.

అసలు చికిత్స దూరాన్ని ఊహించడం మాని, కొలవడమే. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. పిలుపుకీ జవాబుకీ మధ్య పట్టిన కాలాన్ని అంత సూక్ష్మంగా కొలిస్తే, మధ్యలో ఎన్ని పెట్టెలు పెట్టినా కాలం పెరుగుతుందే గాని తగ్గదు. బ్రాండ్స్, చౌమ్ అనే ఇద్దరు గూఢలిపి శాస్త్రజ్ఞులు ఈ ఆలోచనను 1993లోనే ప్రతిపాదించారు. కాలాన్ని ఇంత సూక్ష్మంగా కొలవగల అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో చిప్పుల వల్ల అది ఇప్పుడు కొత్త కార్లలోకి, ఫోనునే తాళంచెవిగా వాడే డిజిటల్ కీలోకి వస్తోంది. అంతకన్నా చవకైన ఉపాయం ఒకటుంది: తాళంచెవి కాసేపు కదలకుండా ఉంటే దాన్ని నిద్రపుచ్చే సెన్సార్. బ్రిటన్‌లో ఫోర్డ్ 2019లో ఫియెస్టా, ఫోకస్ కార్లకు ఇచ్చిన తాళంచెవులు 40 సెకన్లు కదలకపోతే నిద్రపోతాయి. ఇంత చిన్న భాగం ప్రతి తాళంచెవిలోనూ తప్పనిసరిగా ఉండాలి.

మన దేశంలో పట్టుబడిన ముఠాల వార్తలలో తరచుగా వినిపించేది మరొక దారి. స్టీరింగు కింద మెకానిక్‌ల కోసం ఉంచిన ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి, ఖాళీ తాళంచెవికి కారును పరిచయం చేస్తారు. అందుకే సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాలి, కారులో ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో సర్వీసు సెంటరులో చూపించుకుని, చేతిలో లేనివాటిని తొలగింపజేయాలి. దొంగతనం క్లెయిమ్ వచ్చినప్పుడు బీమా కంపెనీ కూడా మొదట అడిగేది ఆ రెండు తాళంచెవులనే.

మీ తాళంచెవికి నిద్ర ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. డ్రైవరు తలుపు పక్కన స్టూలు వేసి, దాని మీద తాళంచెవి పెట్టి, పావుగంట ముట్టుకోకుండా వదిలి, తర్వాత హ్యాండిల్ బటన్ నొక్కండి. మాది వెంటనే తెరుచుకుంది, అంటే దానికి నిద్ర లేదు. తర్వాత దాన్ని వంటింటి స్టీలు డబ్బాలో వేసి అదే చోట పెట్టాను. మూత వదులుగా ఉన్నప్పుడు తలుపు తెరుచుకుంది, గట్టిగా బిగించాక తెరుచుకోలేదు. కారు పంపే తక్కువ పౌనఃపున్యపు పిలుపు పలుచని స్టీలును కొంతవరకు దాటగలిగినా, తాళంచెవి ఇచ్చే జవాబుకు ఆ గోడ దాటడం సాధ్యం కాదు; మూత సందు ఉంటే మాత్రం అక్కడినుంచి బయటపడుతుంది. ఇదే పరీక్ష చేయమని తమ్ముడికి చెప్పాను. వాడి తాళంచెవి కూడా పావుగంట తర్వాత మెలకువగానే ఉంది. ఇప్పుడది గుమ్మం పక్క కొక్కేనికి కాకుండా, అమ్మ ఇక్కడినుంచి పంపిన పోపుల డబ్బాలో, మేడ మీద గదిలో ఉంటోంది.