బరువు ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ: నాకు జరిగింది

బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి జీర్ణాశయం లోపల చూసే పరీక్ష) రాశారంటే, ఫైలు నింపడానికి రాసిన పరీక్షే అనుకునేవాళ్లు చాలామంది. నా విషయంలో ఏ ఆపరేషన్ చేయాలో, ఎప్పుడు చేయాలో తేల్చింది ఆ పరీక్షే.

మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. కూర్చుని చేసే పని. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు తగ్గనే లేదు. షుగర్ వచ్చింది, బీపీ వచ్చింది, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 41కి చేరింది. రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేచేదాన్ని. స్లీప్ ఆప్నియా అని చెప్పి, పడుకున్నప్పుడు ముక్కుకి గాలి ఊదుతూ ఊపిరి దారి మూసుకోకుండా ఉంచే సీప్యాప్ మెషిన్ పెట్టుకోమన్నారు. మన ఆసియా వాళ్లకి బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ అవకాశం ఇవ్వాలని 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నేను ఆ గీత ఎప్పుడో దాటేశాను.

సర్జన్ గారు మొదట స్లీవ్ చేద్దామన్నారు. అంటే జీర్ణాశయంలో దాదాపు 80 శాతం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. బైపాస్ అయితే పైభాగంలో చిన్న సంచి మాత్రం చేసి దానికి పేగును కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది కానీ తిండి అటు వెళ్లదు. "ఏది చేసినా ముందు ఒకసారి లోపల చూడాలమ్మా. బైపాస్ అయ్యాక ఆ మిగిలిన భాగానికి నోట్లోంచి వేసే మామూలు గొట్టం అందదు" అన్నారాయన. గుడ్డకి కత్తెర వేసే ముందు తిరగేసి లోపలి వైపు చూడటం నాకు రోజూ అలవాటైన పని. అందుకే ఆ మాట వెంటనే బుర్రకెక్కింది.

వాళ్లు చూసేవి ఇవట: అన్నవాహిక చివర యాసిడ్ వల్ల పుండ్లు పడ్డాయా, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారిందా (దాన్ని హయటస్ హెర్నియా అంటారు), అల్సర్లు, కణితులు ఉన్నాయా, హెలికోబాక్టర్ పైలోరీ (హెచ్ పైలోరీ) అనే బాక్టీరియా ఉందా. ఛాతీలో మంట లేనివాళ్లలోనూ వీటిలో ఏదో ఒకటి బయటపడవచ్చు. నాకైతే మంట ఏళ్ల తరబడి ఉంది. రాత్రి పడుకోగానే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చేవి.

పరీక్షకి రెండు వారాల ముందు నుంచి, యాసిడ్ తగ్గడానికి నేను వేసుకునే పాంటోప్రజోల్ మాత్ర ఆపమన్నారు. ఆ మాత్ర వేసుకుంటూ ఉంటే బాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చట. యాంటీబయాటిక్స్ వాడి నెల కాకపోయినా ఇదే ఇబ్బంది. ఆ రెండు వారాలూ నాకు నిజంగా కష్టమయ్యాయి. సిరప్ తాగుతూ, తలకింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకున్నాను. రక్తం పల్చబడే మందులు, షుగర్‌కో బరువుకో వారానికోసారి పొడుచుకునే ఇంజక్షన్లు వాడేవాళ్లు ఆ సంగతి ముందే తప్పకుండా చెప్పాలి. ఆ ఇంజక్షన్ల వల్ల తిన్నది కడుపులో ఎక్కువసేపు ఉండిపోతుంది. మత్తులో ఉన్నప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రమాదం.

ముందు రాత్రి తేలిగ్గా ఇడ్లీ తిని ఆపేశాను. గట్టి ఆహారానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడం ఉండాలన్నారు. పొద్దున బీపీ మాత్ర ఒక్క గుక్క నీళ్లతో వేసుకోమన్నారు, షుగర్ మాత్ర వద్దన్నారు. ఖాళీ కడుపుతో అది వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు.

నాకు తోడుగా మా అప్ప వచ్చింది. దానికి అంతకుముందు అల్సర్ అనుమానంతో మత్తు లేకుండా, గొంతులో స్ప్రే మాత్రం కొట్టి చేశారు. ఆటోలో రామ్‌నగర్ వెళ్తుంటే అదే అడిగాను.

"ఓకారం వస్తాదే, కళ్లంట నీళ్లు కారతాయి. నొప్పి మాత్రం లేదు. ముక్కుతో గాలి పీల్చుకుంటూ ఉండు, అంతే. ఐదు నిమిషాల్లో అయిపోద్ది" అంది.

నాకు మాత్రం స్లీప్ ఆప్నియా ఉంది కాబట్టి మత్తు డాక్టర్ దగ్గరుండి చేయాలని సర్జన్ గారు ముందే రాశారు. ఇది చిన్న విషయం కాదు. మత్తు ఎక్కితే గొంతు కండరాలు సడలుతాయి, మనలాంటి వాళ్లకి ఊపిరి దారి తొందరగా మూసుకుపోతుంది. గురక ఉందని, నిద్రలో ఊపిరి ఆగుతుందని ఎవరూ అడగకపోయినా మనమే చెప్పాలి. నేను మెషిన్ కూడా వెంట తీసుకెళ్లాను.

సంతకాలు పెట్టించుకున్నాక చేతికి సెలైన్ సూది పెట్టారు. కట్టుడు పళ్లు ఉన్నాయా అని సిస్టర్ అడిగింది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాలని గోళ్ల రంగు తుడిచింది. తర్వాత గొంతులో స్ప్రే. చేదుగా ఉంది. కాసేపటికి గొంతు వాచిపోయినట్టు, మింగుడు పడనట్టు అనిపించింది. నాకు టెన్షన్ వచ్చింది అక్కడే. "ఊపిరి ఆడుతోంది కదమ్మా, అది మొద్దుబారడమే" అంటూ సిస్టర్ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేయడం ఎంత పెద్ద సాయమో ఆ బల్ల మీద పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. గొట్టం కొరక్కుండా పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు, ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. చేతిలోకి మందు ఎక్కేటప్పుడు కొంచెం మండింది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

కళ్లు తెరిచేసరికి పక్క గదిలో ఉన్నాను. కడుపు బాగా ఉబ్బరంగా అనిపించింది. లోపల మడతలు కనబడాలని గాలి ఊదుతారు కదా, తేన్పులు వచ్చాక సర్దుకుంది. గొంతు మొద్దు వదిలేదాకా ఏమీ తాగనివ్వలేదు, పొరమారుతుందని. ఇంటికొచ్చాక అప్ప చల్లారిన చోడి అంబలి ఇచ్చింది. మర్నాటికి గొంతు గరగర కూడా పోయింది. ఆ రోజంతా బండి నడపొద్దు, కుట్టు మిషన్ మీద కూర్చోవద్దు అన్నారు. ఛాతీలోగానీ కడుపులోగానీ తీవ్రమైన నొప్పి, జ్వరం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం వీటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మన్నారు. అలాంటివేమీ రాలేదు.

ఫలితం సగం అప్పుడే చెప్పేశారు. జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కను పసుపు రంగు జెల్‌లో పెడితే అది గులాబీ రంగుకి తిరిగింది. హెచ్ పైలోరీ ఉంటే అది చేసే ఎంజైమ్ యూరియాను విడగొట్టి అమోనియా పుట్టిస్తుంది, దాంతో రంగు మారుతుంది. అల్సర్ అంటే కారం, టెన్షన్ అని అనుకునే రోజుల్లో ఈ బాక్టీరియా సంగతి బయటపెట్టిన ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు, బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. మార్షల్ గారైతే తన వాదన నిరూపించడానికి ఆ బాక్టీరియాను తానే తాగారట. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

రెండో సంగతి: హయటస్ హెర్నియా ఉంది, అన్నవాహిక చివర పుండ్లు కూడా ఉన్నాయి. "స్లీవ్ చేస్తే ఈ మంట పెరిగే అవకాశం ఎక్కువమ్మా. మీకు బైపాసే మంచిది, హెర్నియా కూడా అప్పుడే సరిచేస్తాను" అన్నారు సర్జన్ గారు. నేను స్లీవ్‌కి మనసు సిద్ధం చేసుకుని ఉన్నాను. పేగులు కలపడం అనగానే భయపడ్డాను, ఇంట్లో ఆయనైతే అసలు ఆపరేషనే వద్దన్నారు. అప్పుడు ఎండోస్కోపీ ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఎర్రగా ఒరుసుకుపోయిన గీతలు ఆయనకి చూపించారు. కళ్లతో చూశాక ఆయన ఇక అభ్యంతరం పెట్టలేదు.

ముందు రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు. నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది, తిండి సయించేది కాదు. అయినా మధ్యలో ఆపలేదు. సగంలో ఆపితే బాక్టీరియా మందుకి లొంగకుండా మొండికేస్తుంది. కోర్సు అయ్యాక నెల ఆగి, మలపరీక్షతో అది పోయిందని నిర్ధారించుకున్నారు. ఇదంతా అయ్యేసరికి శ్రావణమాసం జాకెట్ల సీజన్ వచ్చేసింది. అది ముగిశాకే ఆపరేషన్ చేయించుకున్నాను. చిన్న రంధ్రాలతో చేశారు. మొదట ద్రవాలు, తర్వాత మెత్తటి తిండి, ఆపైన కొంచెం కొంచెంగా మామూలు భోజనం. ఇప్పుడు పడుకుంటే పుల్లటి నీళ్లు రావడం లేదు. షుగర్ మందు తగ్గించారు, బరువు దిగుతూనే ఉంది. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు మాత్రం జీవితాంతం వాడాలి.

ఎండోస్కోపీ రిపోర్టు, ఆపరేషన్ కాగితం రెండూ ఒకే కవర్లో పెట్టుకుని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా తీసుకెళ్తున్నాను. ఈమధ్య పన్ను నొప్పికి వెళ్తే డాక్టరు డైక్లోఫెనాక్ రాయబోయారు. బైపాస్ అయినవాళ్లకి అలాంటి నొప్పి మాత్రలతో పేగు అతికిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. కాగితం చూపించగానే కొట్టేసి పారాసిటమాల్ రాశారు.