మేడగదిలో అనేక దీపములు (అపొస్తలుల కార్యములు 20:7–12)

"మేము కూడియున్న మేడగదిలో అనేక దీపములుండెను." అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో, ప్రయాణంలో ఉన్న పౌలు త్రోయ సంఘంతో గడిపిన రాత్రి గురించి లూకా రాసిన మాట ఇది. ఆ రాత్రి పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగించాడు. అందులో ఒక్క వాక్యం కూడా లూకా రాయలేదు. ఏ లేఖనం విప్పి చెప్పాడో, ఏ ప్రశ్నకు జవాబిచ్చాడో మనకు తెలియదు. ఏథెన్సులో పౌలు చెప్పింది రాశాడు, మిలేతులో పెద్దలతో అన్న మాటలు రాశాడు. త్రోయ దగ్గరికి వచ్చేసరికి దీపాలు, కిటికీ, మూడో అంతస్తు, కింద పడిన కుర్రవాడు, ఇవే రాశాడు. ఆ గదిలో తానూ కూర్చున్నాడు గనుక దేవుని ఆత్మ ఆయన కళ్లకు ఏం చూపించిందో అదే మనకు అందింది.

త్రోయ పౌలుకు కొత్త ఊరు కాదు. నేటి టర్కీ వాయవ్య తీరంలో ఉన్న ఈ రేవు పట్టణంలోనే ఒక రాత్రి మాసిదోనియ మనిషి దర్శనంలో కనబడి, "మాకు సహాయము చేయుము" అని వేడుకున్నాడు. ఆ తర్వాత పౌలు ఇంకోసారి సువార్త కోసమే ఇక్కడికి వచ్చాడు. తలుపు తెరుచుకుంది కూడా. అయితే తోటి సేవకుడు తీతు కనబడకపోవడంతో మనసు నిలవక, వాళ్ల దగ్గర సెలవు తీసుకుని వెళ్లిపోయాడని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆయనే చెప్పాడు. ఈసారి ఏడు రోజులు ఉన్నాడు. పెంతెకొస్తు నాటికి యెరూషలేము చేరాలన్న తొందర ఉంది, ఫిలిప్పీ నుంచి రావడానికే ఐదు రోజులు పట్టింది, అయినా ఉన్నాడు. నిరుడు సగంలో వదిలి వెళ్లిన వాళ్ల మధ్య నిదానంగా కూర్చున్నాడని నాకు అనిపిస్తుంది. చివరి రాత్రి అంతసేపు మాట్లాడడానికి కారణం కూడా అదేనేమో.

వాళ్లు కూడింది ఆదివారం నాడు. ఆ రోజుల్లో ఆదివారం సెలవు దినం కాదు. రోమా సామ్రాజ్యంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాన్‌స్టంటైన్ ప్రకటించింది 321లో. అంతవరకు విశ్వాసులకు మిగిలింది తెల్లవారకముందు వేళ, లేదా పొద్దుపోయాక వేళ. సుమారు 112లో, త్రోయకు తూర్పున ఉన్న బితూనియ ప్రాంతపు అధిపతి ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో క్రైస్తవుల అలవాటు కనిపిస్తుంది: నియమించుకున్న రోజున తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునిగా కీర్తిస్తారు, విడిపోయి మళ్లీ భోజనానికి కూడతారు. వాళ్లలో పరిచారకులుగా ఉన్న ఇద్దరు దాసీలను హింసించి విషయం రాబట్టానని కూడా అతనే రాశాడు. సంఘంలో ఎలాంటివాళ్లు ఉండేవారో ఈ ఒక్క మాట చాలు. పగలంతా యజమాని పని చేసి, చీకటి పడ్డాక మెట్లెక్కి వచ్చేవాళ్లు.

కింద పడిన ఆ కుర్రవాడు ఐతుకును ఇప్పుడు చూడండి. మన ఉజ్జీవ కూటాల్లో ఈ కుర్రవాడి పేరు ఎత్తితే చాలు, "ప్రసంగంలో నిద్రపోతే ఇదీ గతి" అని హెచ్చరిక వస్తుంది. నాకు ఆ మాట వినలేనంత బాధ. లూకా అతణ్ణి ఒక్క మాట అనలేదు. గది నిండా మనుషులు, దీపాల వేడి, నూనె పొగ. గాలి కోసమో, చోటు లేకో కిటికీలో కూర్చున్నాడు. నిద్ర ఆపుకోవాలని చూశాడు, భారం ఎక్కువై జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. నిద్ర వస్తుందని తెలిసీ ఇంటికి పోకుండా ఉండిపోయిన మనిషి అతడు. అలసిపోయిన శరీరాన్ని ప్రభువు సన్నిధికి మోసుకొచ్చినవాడిని తప్పు పట్టే అధికారం ప్రసంగీకుడికి ఎవరిచ్చారు?

పౌలు ఏం చేశాడు? ప్రసంగం ఆపాడు. మెట్లు దిగాడు. చనిపోయాడని ఎత్తిన వాడి మీద పడి కౌగిలించుకున్నాడు. సారెపతులో ఏలీయా, షూనేములో ఎలీషా బిడ్డల మీద పడుకున్నట్టే. "మీరు తొందరపడకుడి, అతని ప్రాణమతనిలో నున్నది" అన్నాడు. తర్వాత పైకి వెళ్లి రొట్టె విరిచి, తిని, తెల్లవారే వరకు వాళ్లతో మాట్లాడాడు. పన్నెండో వచనం చదవండి: "వారు సజీవుడైన ఆ చిన్నవానిని తీసికొని వచ్చినప్పుడు వారికి విశేషమైన ఆదరణ కలిగెను." అంత గొప్ప బోధకుడు రాత్రంతా బోధించిన చోట, సంఘానికి కలిగిన ఆదరణను లూకా ఆ పిల్లవాడి దగ్గర ఉంచాడు.

ఈ వచనాలు చదివినప్పుడల్లా నాకు దక్షిణాఫ్రికాలోని నాటాల్ గుర్తొస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 వరకు ఒప్పందపు కూలీలను ఆ చెరకు తోటలకు తీసుకెళ్లారు. వాళ్లలో మన తెలుగువాళ్లు ఎందరో. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాల హోమ్ మిషనరీ సొసైటీ నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యను అక్కడికి పంపింది. మిషనరీ అంటే తెల్లదొరే అనుకునే కాలంలో, తెలుగు సంఘాలు తమ కానుకలతో తమ మనిషిని సముద్రం దాటించాయి. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం ఏర్పడింది. రంగయ్య ఓడ దిగేనాటికే అక్కడ ప్రార్థించే తెలుగు నోళ్లున్నాయి. పొద్దు వాలేదాకా తోటలో వంగిన నడుములవి. 1915లో కన్నుమూసే వరకు ఆయన వాళ్ల మధ్యే ఉన్నాడు.

నేడు కువైట్‌లో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఎన్నో భాషల సంఘాలు ఒకే గదులను వంతులవారీగా వాడుకుంటాయి. గల్ఫ్ దేశాల తెలుగు కూటాలకు వచ్చేవాళ్లలో గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన అక్కచెల్లెళ్లు ఉంటారు. సెలవు దొరికితేనే రావడం, దొరకకపోతే వంటింట్లోనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పాట వినడం. ఇక్కడి నుంచి వెళ్లే మా సేవకులు వాళ్ల ముందు నిలబడినప్పుడు, ఎవరి కళ్లు మూతలు పడుతున్నాయో చూసి, ఆ బిడ్డ ఏ వేళకు లేచిందో అడగాలని నా ప్రార్థన. అవసరమైతే ప్రసంగం ఆపాలి.

త్రోయ సంఘం గురించి ఇంకొక్క మాట దొరుకుతుంది. తిమోతికి రాసిన రెండో పత్రికలో, త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు పౌలు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. తన దగ్గరున్న అతి విలువైన వాటిని ఆయన ఆ ఊరివాళ్ల ఇంట్లోనే ఉంచాడు.