నోవా హుతాలో ఆదివారం

నేను పుట్టి పెరిగింది ఉక్కునగరంలో. నాన్న విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో చేశారు. ఉద్యోగానికి పోలండ్‌లోని క్రాకోవ్ వచ్చాక, అద్దె తక్కువని నోవా హుతాలో ఇల్లు తీసుకున్నాను. ఆ పేరుకి 'కొత్త ఉక్కు కర్మాగారం' అని అర్థమట. తెలిసిన రోజే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం కట్టడం మొదలుపెట్టిన ఊరు ఇది. ఫ్యాక్టరీకి అప్పట్లో లెనిన్ పేరు పెట్టారు. క్వార్టర్లు, బళ్లు, ఆసుపత్రి అన్నీ కట్టారు, చర్చి తప్ప. పల్లెల నుంచి పనికొచ్చిన జనం పట్టుబడితే స్థలం ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. 1960 ఏప్రిల్ 27న అక్కడి శిలువను పీకడానికి మనుషులొస్తే మొదట అడ్డుపడింది ఆడవాళ్లే. పెద్ద గొడవైంది, శిలువ మాత్రం కదల్లేదు. ఆ తర్వాత 1967లో మరోచోట చర్చి పని మొదలై పదేళ్లు సాగింది. 1977లో దాన్ని ప్రారంభించిన కార్డినల్ వొయ్‌తివా మరుసటి ఏడే పోప్ జాన్ పాల్ 2 అయ్యారు.

మా కింది ఫ్లోర్ మామ్మగారు ఆ గోడలకి ఏటి రాళ్లు మోశారు. "మేం భయం లేకుండా మాట్లాడుకునే చోటు అదొక్కటే బాబూ" అంటారు. 1982లో, సైనిక పాలన రోజుల్లో, 20 ఏళ్ల బొగ్దాన్ వ్లోసిక్‌ని రహస్య పోలీసు కాల్చి చంపింది ఆ చర్చి దగ్గరే.

1989లో ప్రభుత్వం మారింది. మరుసటి ఏడే బళ్లలోకి మతపాఠం తిరిగొచ్చింది. 1993లో అబార్షన్‌ని చాలావరకు నిషేధించారు. 2020 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని ఇంకా బిగిస్తే, మామ్మగారి మనవరాలు నిరసనల్లో నెలల తరబడి వీధుల్లోనే ఉంది. ఆడవాళ్లు శిలువని కాపాడిన దేశంలో, ఆ శిలువ పేరు చెప్పి ఆడవాళ్ల మీదే చట్టం తేవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. 1997 రాజ్యాంగ పీఠిక దేవుణ్ణి నమ్మేవాళ్లనీ నమ్మనివాళ్లనీ సమానంగా పౌరులంటుంది. వేరే మతంవాణ్ణి, పరాయి దేశంవాణ్ణి, నాకు ధైర్యమిచ్చేది ఆ మాటే.

మామ్మగారు ఇప్పటికీ ప్రతి ఆదివారం పూజకి వెళ్తారు. ప్రసంగంలో ఓట్ల సంగతి వస్తే మాత్రం లేచి బయటికి వచ్చేస్తారు. మొన్న మోకాళ్ల నొప్పని నన్ను తోడు రమ్మన్నారు. మనవరాలు కూడా వచ్చింది. గోడ దగ్గర ఆగి రాళ్లు తడుముతూ, "నేను తెచ్చినవి ఏవో గుర్తు లేదు" అన్నారు. మనవరాలు ఆమెని గుమ్మం దాకా నడిపించి, పూజ అయ్యేదాకా నాతోపాటు బయటే మంచులో నిలబడింది.