అత్త మొహం అటు తిప్పితే

ఇంగ్లండులోని రెడింగ్‌లో నేను పనిచేసే ప్రైమరీ బడిలో చేరిన నెలకే క్లాస్ టీచర్ నన్ను పక్కకి పిలిచి అడిగింది, "నువ్వలా తల ఊపితే అవునన్నట్టా, కాదన్నట్టా?" అని. ఏం చెప్పాలో తోచక మళ్ళీ అలాగే ఊపాను. మన ఊపు సంగతి తెలిసిందేగా. నిలువూ కాదు, అడ్డమూ కాదు. 'సరే', 'వింటున్నా', 'ఊఁ, తర్వాత?' అన్నీ అందులోనే. అయిదారేళ్ళ ఇంగ్లిష్ పిల్లలకి మాత్రం అది ఎంతకీ అంతుపట్టలేదు.

అక్కడ నేను టీచింగ్ అసిస్టెంట్‌ని. గాజువాకలో ఏడేళ్ళు లెక్కల ట్యూషన్లు చెప్పి, ఆయన ఉద్యోగం వెంట వెళ్ళి, పోలీసు తనిఖీ కాగితాలు వచ్చేదాకా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, ఆఖరికి ఇయర్ వన్ పిల్లల దగ్గర చేరాను. జీతం గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. బడి నడిచే వారాలకే లెక్కగట్టి, దాన్నే పన్నెండు నెలలకీ పంచుతారు.

ఇంగ్లండులో 2014 సెప్టెంబరు నుంచి అయిదేళ్ళ పిల్లలకి కూడా కంప్యూటింగ్ పాఠం ఉంది. అల్గారిథమ్, అంటే ఒక పనిని ఏ వరసలో చేయాలో మెట్టు మెట్టుగా చెప్పడం, అదేమిటో ఆ వయసులోనే మొదలుపెడతారు. అలాగని అంతా తెర ముందే కాదు, మేం ఎక్కువగా నేల మీద కూర్చునే చేస్తాం. బీబాట్ అని తేనెటీగ ఆకారంలో చక్రాల బొమ్మ ఒకటుంది. వీపు మీద బటన్లు. ముందుకి నొక్కితే 15 సెంటీమీటర్లు జరుగుతుంది. కుడి నొక్కితే ఉన్నచోటే కుడికి తిరిగి నిలబడుతుంది, అంతే. పిల్లలేమో కుడి నొక్కగానే పక్క గడిలోకి దూకుతుందనుకుంటారు. దూకదు. "మిస్, పాడైపోయింది" అని తెచ్చి నా ఒళ్ళో పడేస్తారు. పాడవలేదు, నువ్వు చెప్పిందే చేసింది అని వాళ్ళంతట వాళ్ళకి తెలిసేదాకా ఆగడమే నా ఉద్యోగం.

దానికి ముందు ఆలోచనలు పోగేసే వంతు. "ఈ తేనెటీగకి వానకి తడవని ఇల్లు కట్టాలి, ఎలా?" అంటాం. ఎవరేం చెప్పినా పెద్ద కాగితం మీద రాసేయాలి. ఈ బ్రెయిన్‌స్టార్మింగ్‌ని ప్రచారంలోకి తెచ్చినాయన అలెక్స్ ఆస్‌బోర్న్, అమెరికాలో వ్యాపార ప్రకటనల రంగం మనిషి. ఆయన పెట్టిన షరతులు నాలుగు. తప్పు పట్టొద్దు, వింత ఆలోచనైనా రానివ్వండి, ఎన్నొస్తే అంత మంచిది, ఒకరి మాట మీద ఇంకొకరు కట్టుకుంటూ పోవచ్చు. మనవాళ్ళు దీన్ని మేధోమథనం అన్నారు. పాలసముద్రం చిలికితే ముందు హాలాహలమే వచ్చింది కదా, మొదట్లో చెత్త వస్తే కంగారెందుకు? కంగారే మరి, నేను ట్యూషన్ మేడమ్‌ని! ఒకడు "జెల్లీతో గోడలు కడదాం" అంటే 'తప్పు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి తల ఊపేదాన్ని. ఆ ఊపుకి అర్థం తెలియక వాడు ఇంకోటి చెప్పేవాడు. అదీ కాదేమోనని మరోటి. టీచర్ గుంపులో ఆరు ఆలోచనలొస్తే నా గుంపులో పదిహేను. నాకేదో విద్య అబ్బిందనే అనుకున్నాను.

ఈ జూలై చివర్లో ఆరు వారాల సెలవలకి విశాఖ వచ్చాను. అమ్మావాళ్ళిల్లు పెదవాల్తేరులో. ఇక్కడ బళ్ళు నడుస్తున్నాయి, పిల్లలు దొరికేది ఆదివారమే. తమ్ముడి కొడుకు, కింది వాటా అక్కచెల్లెళ్ళు, ఎదురింటి బుడ్డోడు, మొత్తం నలుగురు. బీబాట్ లేదు కాబట్టి బుడ్డోణ్ణే రోబో చేశాం. హాల్లో పలకరాళ్ళే గడులు. మిగతావాళ్ళు సుద్దముక్కతో బాణాలు గీస్తే వాడు అలాగే నడవాలి. 'కుడి' అనగానే వాడూ పక్క గడిలోకే దూకాడు! ఎక్కడ తప్పిందో వెతికి దిద్దడాన్ని డీబగ్గింగ్ అంటారమ్మా అంటే, "అంటే బియ్యంలో పురుగులేరడమేనేటి?" అంది అమ్మ. అదే.

తర్వాతది కట్టే పని. బీరువా మీద బొమ్మని కూర్చోబెట్టి, "ఇది కైలాసగిరి. కిటికీ దగ్గర బీచి. బొమ్మని బీచికి ఎలా దింపుతారు?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. అక్కచెల్లెళ్ళలో పెద్దది, క్లాసులో ఫస్టు, "రోప్‌వే" అంది. మిగతా ముగ్గురూ "రోప్‌వే" అన్నారు. అయిపోయింది మథనం.

దీనికి మందు నాకు తెలుసు. నలుగురు కలిసి కూర్చున్నప్పటి కంటే విడివిడిగా ఆలోచించినప్పుడే మొత్తమ్మీద ఎక్కువ ఆలోచనలొస్తాయని 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో తేల్చారు. పలకలిచ్చి తలో మూల కూర్చోబెట్టాను. ఈసారి పాలిథిన్ కవరుతో పారాచూట్ వచ్చింది, కొండ మీది బొమ్మరైలు వచ్చింది. బుడ్డోడి పలక మీద సెల్‌ఫోను ఉంది. "వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తది, బండి మీదొచ్చి తీసుకెళ్తాడు" అన్నాడు. రెడింగ్‌లో ఎవరికీ తట్టని జవాబు.

రోప్‌వేకి స్తంభాలు కావాలన్నారు. కొబ్బరి ఈనెలు, గోధుమపిండి ముద్దలు ఇచ్చాను. "ఏటే, కొత్త చీపురంతా పీకించేస్తన్నావ్!" అని అమ్మ వంటింట్లోంచి ఒకటే గోల.

తమ్ముడి కొడుకు ఈనె గుచ్చాడు, నా మొహంలోకి చూశాడు, తీసేశాడు. ఇంకోచోట గుచ్చి మళ్ళీ చూసి, మళ్ళీ తీశాడు. నేనొక్క మాటా అనలేదు. "నేనేమన్నాన్రా?" అంటే, "నీకు నచ్చలేదు కదత్తా" అన్నాడు. అక్కడ ఎవరికీ అర్థంకాని నా తల, ఇక్కడ పిల్లలకి అచ్చుపుస్తకం. ఏ కనుబొమ చిట్లిందో, ఏ పెదవి బిగిసిందో వాళ్ళు చదివేస్తున్నారు. రెడింగ్‌లో వచ్చిన ఆ పదిహేను ఆలోచనల గుట్టు నా విద్య కాదన్నమాట. కాసేపు మనసు చివుక్కుమంది.

తర్వాతి ఆదివారం కుర్చీని బాల్కనీ వైపు తిప్పి, పిల్లలకి వీపు పెట్టి కూర్చున్నాను. రెండు మేడల సందులోంచి సముద్రం జానెడు కనిపిస్తుంది. పోర్టులోకి పిలుపు కోసం ఓడలు లంగరేసుకుని ఉన్నాయి, లెక్కపెట్టాను. వెనక బీరువా పిడికి తాడు కట్టారు, రెండో కొస కిటికీ ఊచకి. పెరుగు డబ్బాలో బొమ్మని కూర్చోబెట్టి వదిలారు. సర్రుమని చప్పుడొచ్చి సగంలో ఆగింది. "మద్దిలో ఉండిపోయిందేటి?" అన్నాడు బుడ్డోడు. తాడు వదులైతే నడిమధ్య కిందికి జారుతుంది, డబ్బా అక్కడే చతికిలబడుతుంది. బిగించండర్రా అని గొంతు దాకా వచ్చింది. ఓడలు మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టాను, అయిదు. ఒకరు డబ్బా బరువన్నారు, ఒకరు తాడుకి నూనె రాద్దామన్నారు, వంటింట్లోకి పరుగెత్తిన చప్పుడు, వెనకే అమ్మ కేక. కుర్చీ కిర్రుమన్నట్టుంది, తమ్ముడి కొడుకు అరిచాడు.

"అత్తా, ఇటు తిరక్కు! ఇంకా అవలేదు."