గూట్లో గిన్నె, బండ మీద గిన్నె

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టక లేచొచ్చి ఇది రాస్తున్నాను. అత్త అన్న ఒక్క మాట లోపల తిరుగుతూనే ఉంది. పళ్ళెం కడిగి బోర్లిస్తూ, అటు తిరిగే, "ఆ బుద్ధి లోపల యాడో ఉంటేనే గదమ్మా రాసేది" అంది. అనేసి మోకాళ్ళకు నూనె రాసుకోవడానికి వెళ్ళిపోయింది.

నన్ను అన్న మాట కాదది. నాలుగు రోజులుగా రాత్రిళ్ళు మేము చూస్తున్న సీరీస్‌లో రచయితను అన్నది. పేరు రాయను, ఇంకా చూడనివాళ్ళు ఉంటారు. నేర కథలు రాసే ఒకాయన. తన నవల మూడో అధ్యాయంలో ఒక మనిషిని ఎట్లా చంపినట్టు రాశాడో, అచ్చం అట్లాగే పక్కింటాయన చచ్చి పడి ఉంటాడు. లోపల వేసిన గడియ, తడిసిన గొడుగు, ఆగిపోయిన గోడ గడియారం, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. పోలీసులు ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, లైన్ల కింద ఎర్ర ఇంకుతో గీతలు గీసి, "నువ్వు కాకపోతే ఇంకెవరు?" అంటారు. ఎవరో ఇరికించారని చూసే మనకు తెలుస్తూనే ఉంటుంది. ఆయన మాట మాత్రం ఎవరూ వినరు. ఈ రోజు నాలుగో భాగంలో ఆయన స్టేషన్ నుంచి తప్పించుకుని, అసలు హంతకుణ్ణి తనే వెతుక్కుంటూ బయల్దేరాడు.

నాకు చిరాకు మొదలైంది అక్కడే. ఆయన ఎందుకు వెతకాలి? పుస్తకం అచ్చయి అంగట్లోకి వచ్చాక అందులోని ఉపాయం రాసినవాడొక్కడిది ఎట్లా అవుతుంది? కొన్నవాళ్ళకు తెలుసు, అరువు తెచ్చుకుని చదివినవాళ్ళకు తెలుసు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే జరిగిందంటే ముందు అడగాల్సింది చదివినవాళ్ళను. ఊరందరికీ తెలిసేలా రాసి పెట్టి, తర్వాత అదే పద్ధతిలో చంపేవాడు ఎవడుంటాడు? ఈ మాటే పైకి అన్నాను. దానికే అత్త అట్లా అంది. మా ఆయన కూడా ఊరుకోలేదు. ఫోన్‌లో ఏదో వెతికి, "ఇదిగో, పోలండ్‌లో ఉన్నాడు అట్లాంటివాడు" అని నా ముందు పెట్టాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సాయంత్రం నిజానికి ఎంత బాగుందో. కార్తీక సోమవారం. వాన కాస్త తెరిపి ఇచ్చేసరికి అందరం కపిలతీర్థం వెళ్ళాం. కొండ మీద నుంచి నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. అత్త వెలిగించిన దీపాల్లో రెండు గాలికి ఆరిపోతే, బుజ్జి తన చున్నీ అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించింది. వచ్చేటప్పుడు దోవలో కాల్చిన మొక్కజొన్న కంకులు తిన్నాం. ఇదంతా రాయాల్సిన రోజున నేను ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను.

కమ్మల సంగతి మీలో కొందరికి తెలుసు. ఎప్పుడెప్పుడో ముక్కలు ముక్కలుగా రాశాను. మొత్తం ఎప్పుడూ రాయలేదు.

1989. చిత్తూరులో గ్రీమ్స్‌పేట ఇల్లు. నాకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. వీధి చివర అద్దె పుస్తకాల అంగడి ఉండేది. డిటెక్టివ్ నవల రోజుకు అర్ధరూపాయి. అట్ట ఊడిపోయి, చాకలి మార్కు లాగా ప్రతి పుస్తకం మీదా ఒక నంబరు ఉండేది. అవి చదివీ చదివీ నేనూ ఒకటి రాశాను. లెక్కల నోట్‌బుక్ తిరగేసి వెనక నుంచి, పెన్సిల్‌తో, పదకొండు పేజీలు. పేరు 'కమ్మల దొంగ'. అందులో ఒక అవ్వ దీపావళి రోజు తలంటు పోసుకోబోతూ రాళ్ళ కమ్మలు తీసి, ఇత్తడి గిన్నెలో వేసి, పూజ గదిలో గూట్లో పెడుతుంది. స్నానం చేసి వచ్చేసరికి గిన్నె ఉంటుంది, కమ్మలు ఉండవు. దొంగ ఎవరనేది నేను ఇంకా అనుకోలేదు. పదకొండో పేజీలో ఆగిపోయింది కథ.

మూడు వారాలకు దీపావళి. మా అవ్వ తలంటుకు కూర్చుంటూ రాళ్ళ కమ్మలు తీసి ఇత్తడి గిన్నెలో వేసింది. స్నానం అయ్యేసరికి గిన్నె ఉంది. కమ్మలు లేవు.

ఇల్లంతా వెతికారు. మధ్యాహ్నానికి పెద్దమ్మ కొడుకు, మా అన్న, నా నోట్‌బుక్ పట్టుకొచ్చాడు. పెదనాయన దాన్ని నట్టింట్లో నిలబడి పైకి చదివాడు. ఆయన చూపుడు వేలు ఒక్కో లైను కింద జరుగుతుంటే పెన్సిల్ రాత చెరిగి ఆయన వేలికి బూడిద రంగు అంటుకోవడం నాకు కనిపిస్తోంది. నేను 'రాళ్ళ' అని రాయాల్సిన చోట 'రాల్ల' అని రాశాను. అక్కడ ఆగి, దాన్ని రెండుసార్లు చదివాడు. పక్కింటివాళ్ళు కూడా వాకిట్లో నిలబడ్డారు. "పండక్కి మూడు వారాల ముందే రాసి పెట్టుకునిందే" అంది పెద్దమ్మ. నాకు నోరు పెగల్లేదు. నేను తీయలేదని ఒక్క మాట అనాలి, అంతే. అనలేకపోయాను. ఎందుకంటే ఆ రాత నాదే. ఆ గిన్నె నేనే అనుకున్నాను. కమ్మలు పోవాలని కూడా నేనే అనుకున్నాను, కథలో. చదువుతున్న గొంతు వింటుంటే, నిజంగానే నేను చేశానేమో అనిపించింది. పన్నెండేళ్ళ పిల్లకు ఆ తేడా నోటితో చెప్పడం రాదు.

సాయంత్రం నాయన వచ్చాడు. చిత్తూరు కోర్టులో టైపిస్టు, సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేయడమే ఆయన పని. చెప్పులు కూడా విడవకుండా పదకొండు పేజీలూ నిలబడి చదివాడు. తర్వాత నన్నేమీ అడగలేదు. అవ్వను అడిగాడు.

"అమ్మా, గిన్నె యాడ పెట్టినావు?"

"బావి కాడ, ఉతుకుడు బండ మీద నాయనా."

"పాప రాసిందాంట్లో గిన్నె గూట్లో ఉండాది. చూసి రాసింటే, చేసింటే, గిన్నె బండ మీద ఉండల్ల గదా?"

ఎవరూ మాట్లాడలేదు. పెదనాయన నోట్‌బుక్ మంచం మీద పడేసి బయటికి వెళ్ళాడు. నేరం నా మీద నుంచి పోయింది అనలేను. నన్ను అడగడం మానేశారు, అంతే.

1992 వేసవిలో బావి ఎండి పూడిక తీయించారు. బురద తట్టలో ఒక కమ్మ వచ్చింది. బావి గట్టును ఆనుకునే బండ. తోడేటప్పుడు చేదో తాడో తగిలి గిన్నె ఒరిగి ఉంటుంది, తర్వాత ఎవరో చూడకుండా దాన్ని నిలబెట్టి ఉంటారు. రెండోది దొరకలేదు. పెద్దమ్మ ఆ ఒక్కదాన్ని చింతపండుతో తోమి అవ్వ చేతిలో పెట్టింది. నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. నాకు కోపం కమ్మలు పోయినందుకు కాదు, ఆ ఒక్కటి దొరికిన రోజు మీదే.

జార్జ్ ఎడల్జీ గురించి చదివినప్పుడు అందుకే ఏడ్చాను. ఇంగ్లండ్‌లో లాయరు. తండ్రి బొంబాయి నుంచి వెళ్ళిన పార్శీ, మతం మారి అక్కడ చర్చి పాస్టరు అయ్యాడు. 1903లో, రాత్రిపూట ఒక గుర్రాన్ని కోసి గాయపరిచాడని ఎడల్జీ మీద కేసు పెట్టారు. ఊళ్ళో తిరిగిన ఆకాశరామన్న ఉత్తరాలూ ఆయనే రాశాడని చేతిరాత నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. ఏడేళ్ళ శిక్ష వేశారు. మూడేళ్ళు జైల్లో ఉండి బయటికొచ్చాక ఆయన తరఫున నిలబడింది నేర కథలు రాసే ఆర్థర్ కానన్ డాయల్. ఎడల్జీ పేపరును ముఖానికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చదవడం చూసి, ఈ చూపుతో చీకట్లో పొలాలు దాటి ఆ పని చేయడం కుదరదని తేల్చుకున్నాడు. 1907లో ఆ నేరానికి క్షమాపణ మంజూరు చేశారు. కానీ ఉత్తరాలు మాత్రం ఆయనే రాశాడన్నారు, ఒక్క పైసా పరిహారం ఇవ్వలేదు. బురదలో కమ్మ దొరికాక కూడా నోట్‌బుక్ నాదే కదా అన్నట్టు.

ఇప్పుడు పోలండ్. మా ఆయన చూపించింది నిజమే. 2000 డిసెంబరులో వ్రొత్స్వాఫ్ దగ్గర ఓడర్ నదిలో ఒక వ్యాపారి శవం దొరికింది, కాళ్ళూ చేతులూ కట్టేసి ఉంది. కేసు మూలన పడింది. 2003లో క్రిస్టియన్ బాలా అనే ఆయన ఒక నవల అచ్చేశాడు, అందులోనూ ఒక హత్య. 2007లో ఆయనకే పాతికేళ్ళ జైలు శిక్ష పడింది. "రాసినోడే చంపినోడు. చూడు" అన్నాడు మా ఆయన. నా దగ్గర జవాబు లేకపోయింది. అత్త మాట అప్పుడు ఇంకా గట్టిగా తగిలింది. ఒకవేళ ఆవిడ చెప్పిందే నిజమేమో, రాసేవాళ్ళ లోపల ఎక్కడో అది ఉంటుందేమో అని ఒక అరగంట నిజంగానే అనుకున్నాను.

పది గంటలకు నాయనకు ఫోన్ చేశాను. ఆయన పదిన్నర దాకా మేలుకునే ఉంటాడు. మొత్తం చెప్తే విని, "పుస్తకం కాకుండా ఇంకేం దొరికిందో చదివినావా పాపా?" అన్నాడు. చదవలేదు. ఫోన్ పెట్టేసి చదివాను. పోలీసులకు మొదట దొరికింది నవల కాదు, సెల్‌ఫోన్. ఆ వ్యాపారి కనిపించకుండా పోయిన నాలుగు రోజులకే ఆయన ఫోన్‌ను బాలా ఆన్‌లైన్ వేలంలో అమ్మేశాడు. తర్వాతే కేసు చూస్తున్న పోలీసు అధికారి నవల తెచ్చి చదివాడు. ఒకే ఫోన్ కార్డు నుంచి చనిపోయినాయనకూ, బాలా ఇంటివాళ్ళకూ కాల్స్ వెళ్ళినట్టు కూడా బయటపడింది.

మళ్ళీ చేశాను. "ఆఁ. అదే గిన్నె యాడ ఉండాదనేది" అన్నాడు నాయన. ఇంక ఆయన ఆగలేదు. కళ్ళతో చూసిన సాక్షి లేని కేసుల్లో ఏం చూడాలో 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పిందట. కోర్టుల్లో దాన్ని పంచశీల అంటారు. భార్యకు విషం పెట్టాడని భర్తకు కింద ఉరిశిక్ష వేశారు. ఆవిడ తన తోబుట్టువుకూ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాలు సాక్ష్యం. సుప్రీంకోర్టు మాత్రం, ఆత్మహత్య అయి ఉండొచ్చన్న అనుమానం తీరలేదని విడిచిపెట్టింది. "చేసి ఉండొచ్చు అంటే సాలదు పాపా. చేసే ఉండల్ల, ఇంకెవురూ చేసుండే దానికి లేదు అని తేలల్ల. గొలుసులో ఒక్క లంకె ఊడినా శిక్ష నిలబడదు." హత్యానేరాన్ని ఆయన ఇప్పటికీ పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో 302 అనే అంటాడు. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 103 అయిందని నేను గుర్తు చేస్తే, "నెంబరే గదా మారింది" అన్నాడు.

ఇంత విన్నాక సీరీస్ మీద నా చిరాకు పెరగాలి. ఆ రచయిత పరిగెత్తకుండా మంచి లాయరును పెట్టుకుని కూర్చోవాలి, నిరూపించాల్సింది పోలీసులు. ఇదే రాద్దామని మొదలుపెట్టాను కూడా. ఇక్కడిదాకా రాశాక అది సరైన మాట అనిపించడం లేదు.

ఎందుకంటే నేనూ పరిగెత్తాను. 1989 నుంచి బావి పూడిక తీసే దాకా నేను వెతకని చోటు లేదు. కాకి గూళ్ళు చూశాను. కాలవలో కట్టె పెట్టి కెలికాను. బియ్యం డ్రమ్ములో భుజం దాకా చెయ్యి పెట్టాను. ఎవరూ వెతకమనలేదు, నిరూపించమని అడగలేదు. అయినా ఆగలేకపోయాను. అదీగాక, ఆ మూడేళ్ళూ కమ్మలు తీసింది మా అన్నే అని నమ్మాను. నోట్‌బుక్ వాడికి ముందే తెలుసు కాబట్టి, పట్టుకొచ్చింది వాడే కాబట్టి. కథ పన్నెండో పేజీ అప్పుడు రాశాను. దొంగకు వాడి పోలికలన్నీ పెట్టాను, కుడి చెంప మీద మచ్చతో సహా. బురదలో కమ్మ వచ్చిన రోజు రాత్రి ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను. వాడికి ఈ సంగతి ఈ రోజుకీ తెలియదు. వాడు నన్ను అనుమానించింది ఒక్క మధ్యాహ్నం. నేను వాణ్ణి మూడేళ్ళు.

కాబట్టి ఆ రచయితను పరిగెత్తనివ్వండి. ఆయన పరుగు నిజమే. అత్త మాటకు మాత్రం నేను ఒప్పుకోను. పొద్దున ఆవిడతో చెప్తాను, కాఫీ ఇచ్చేటప్పుడు, మెల్లగా. నేను కథలు రాస్తానని ఆవిడకు తెలుసు. ఏం రాస్తానో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఫోన్ పెట్టేసే ముందు నాయన ఇంకో మాట అన్నాడు. పెదనాయనకు ఇప్పుడు ఎనభై నాలుగు, మంచం దిగడం లేదు. మొన్న నాయన చూడడానికి వెళ్తే నా గురించి అడిగాడట. "పాప ఇంకా రాస్తాండాదా?" అని.

ఏమని చెప్పావు అని నేను అడగలేదు. ఎందుకు అడిగాడో కూడా అడగలేదు. రేపు మళ్ళీ ఫోన్ చేయాలి.