ఫోన్‌లో చూశారా అండీ?

పొద్దున్నే క్లయింట్ నుంచి ఫోన్. "సైట్ నా కంప్యూటర్‌లో బానే ఉందండీ. ఫోన్‌లో మాత్రం కస్టమర్లు ఫారం నింపలేకపోతున్నారట. మీరు ఫోన్‌లో చూశారా అండీ?"

చిర్రెత్తుకొచ్చింది. బ్రౌజర్ విండోని వేలెడంత చేసి, అటూ ఇటూ లాగి, అన్నీ సర్దుకుంటున్నాయని చూసుకున్నాకే కదా అప్పజెప్పాను! కానీ నిజం చెప్పాలంటే, ఫోన్‌లో మొదటి పేజీ తప్ప ఇంకేదీ తెరవలేదు.

తెరిచాను. 'సంప్రదించండి' పేజీలో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పాత టెంప్లేట్ నుంచి తెచ్చిన ఆ ఒక్క పేజీలో వ్యూపోర్ట్ ట్యాగ్, అంటే తెర వెడల్పుకి సర్దుకోమని ఫోన్ బ్రౌజర్‌కి చెప్పే కోడ్ లైను, లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ ఆ పేజీ దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుని మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. కంప్యూటర్‌లోని బ్రౌజర్ ఆ ట్యాగ్‌ని అసలు పట్టించుకోదు. అందుకే విండో ఎంత లాగినా నాకు దొరకలేదు. ఒక్క లైనుతో సరిపోయింది, పోయిన పరువు సంగతి వేరు.

తర్వాత ఫారం. పేరు రాయడానికి గడిలో వేలు పెట్టగానే ఐఫోన్‌లో పేజీ ఒక్కసారిగా జూమ్ అయి పక్కకి జరిగిపోయింది. గడిలో అక్షరాలు 16 పిక్సెళ్ల కన్నా చిన్నవైతే ఐఫోన్ బ్రౌజర్ సఫారీ అలా చేస్తుంది. అందంగా ఉంటుందని నేనే 14 పెట్టాను. జూమ్‌ని ఆపేసే చిట్కా ఒకటుంది కానీ, చూపు సరిగా ఆనని వాళ్లు ఏం చేయాలి? సైట్ మొత్తానికీ 16 చేసేశాను. ఫోన్ నంబర్ గడిలో అంకెల కీబోర్డ్ వచ్చేలా కూడా మార్చాను.

అంతా నింపి బొటనవేలితో 'పంపు' నొక్కాను. ఫారం ఖాళీ అయిపోయింది! పక్కనే ఆనుకుని ఉన్న 'తుడిచేయి' మీద పడింది వేలు. మౌస్ బాణానికి ఆ ఇరుకు ఒక లెక్క కాదు. బొటనవేలికి అలా కాదు కదా. బటన్ కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, 48 డీపీ (ఇదీ పాయింట్లలాంటి తెర కొలతే) ఉండాలని గూగుల్ ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాయి. నాది 28. అసలు ఆ 'తుడిచేయి' ఎవరడిగారని పెట్టానో! తీసేశాను.

మధ్యాహ్నం వైఫై ఆపేసి చూస్తే ఇంకోటి బయటపడింది. మొదటి పేజీలో పెద్ద ఫొటో 4 ఎంబీ. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలంటుంది గూగుల్. నేను లేచి మంచినీళ్లు తాగొచ్చేసరికి సగం దిగింది. ఫోన్లకి వేరే చిన్న ఫొటో, అదీ ఫైలు సైజు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లో, పెట్టాను. పైన నంబర్‌ని కూడా నొక్కితే కాల్ వెళ్లేలా చేశాను. ఇన్నాళ్లూ అది ఒక బొమ్మలో ఉండిపోయింది, కాపీ చేద్దామన్నా కుదరదు.

సాయంత్రం క్లయింట్‌కి మెసేజ్ పెట్టాను. ఐదు నిమిషాల్లో జవాబు: "ఫోన్‌లో ఇప్పుడు భేషుగ్గా ఉందండీ. కానీ కంప్యూటర్‌లో అక్షరాలు కాస్త పెద్దవయ్యాయేమిటి?"

రేపు చూస్తానన్నాను.