వేలిముద్ర పడని మూడు రోజులు

నిన్న సాయంత్రం అమ్మను గుంటూరు నుంచి ఇంటికి తీసుకువచ్చాము. గుండెకు స్టెంట్ వేశారు. ఆ ఖర్చంతా ఎన్టీఆర్ వైద్య సేవ కిందనే పోయింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీయే ఇది. పేర్లు ఎన్ని మారినా మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. వైద్యం ఉచితమే అయినా, మా పాడిగేదె మాత్రం ఇప్పుడు మా కొట్టంలో లేదు.

108 బండి త్వరగానే వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము, ఆ రోజే యాంజియోగ్రామ్ చేశారు. ప్రాణాపాయం తప్పింది గాని, వైద్య సేవ నుంచి అనుమతి రాగానే స్టెంట్ వేయాలని డాక్టరు గారు చెప్పారు.

అనుమతికి అమ్మ వేలిముద్ర కావాలన్నారు. నలభై ఏళ్ళుగా మిరపకాయలు కోసి, తొడిమలు తీసిన చేతులవి. బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగి నున్నబడ్డాయి. చేతికి సెలైన్ సూదితో, చక్రాల కుర్చీలో కౌంటరు దగ్గరకు తీసుకువస్తే, అక్కడి కుర్రవాడు సబ్బుతో కడగమన్నాడు, తలకు రుద్దమన్నాడు, చివరకు వరుసలో ఉన్న అందరూ వినేటట్లు "అసలు నీకు వేళ్ళున్నాయా?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో వేలు తుడుచుకొని మళ్ళీ పెట్టింది. నేను బీకాం చదివినవాణ్ణి, మిర్చి యార్డులో తూకం దగ్గర కమీషన్ వ్యాపారితో తగాదా పెట్టుకొని నెగ్గినవాణ్ణి. అక్కడ మాత్రం "ఇంకొక్కసారి చూడండి సార్" అంటూ నిలబడిపోయాను. ఓటీపీ పంపమంటే, ఆధార్‌కు ఉన్న నంబరు మా తమ్ముడు ఎన్నడో పారేసిన సిమ్ముది. కార్డు పనిచేసేదాకా 30 వేలు కట్టి ఉంచమన్నారు. గేదెను అమ్మింది అందుకే.

మూడో రోజు ఒక నర్సమ్మ, కంటిపాపతో కూడా సరిచూస్తారని చెప్పింది. ఆ పరికరం ఎక్కడ ఉందని అడిగితే, ఆ కుర్రవాడు తన బల్ల సొరుగులోంచే తీశాడు. అమ్మ కళ్ళు విప్పి చూసింది, పని అయిపోయింది. ఆ సాయంత్రానికే అనుమతి వచ్చింది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమో కోపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మేము రెండెకరాలు కౌలుకు చేస్తున్నాము. నేను ఆసుపత్రిలో తిరిగిన తొమ్మిది రోజులూ రెండో కోత చెట్టు మీదే నిలిచిపోయింది. మంచు పడి చాలా కాయ తెల్లబడి తాలు అయింది. తాలుకు యార్డులో పలికేది ఇంచుమించు సగం ధరే. కౌలు మాత్రం తాలు అయినా, మేలైన కాయ అయినా ఒక్కటే. రోగికి భోజనం పెడతారు గాని, వెంట ఉన్నవారి భోజనమూ, ఆటో ఖర్చులూ, నా భార్య పోగొట్టుకున్న కూలీ ఎవరి లెక్కలోనూ ఉండవు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందు ఆధార్‌కు వాడుకలో ఉన్న ఫోను నంబరు చేర్పించండి. వేలిముద్ర పడకపోతే కంటిపాప పరికరం తీయమని గట్టిగా అడగండి, బతిమాలవద్దు. ఎవరైనా డబ్బు కట్టమంటే వెంటనే వైద్య సేవ హెల్ప్‌లైన్ 104కు ఫోను చేయండి. నేను చేయలేదు, ఆసుపత్రివాళ్ళు అమ్మ మీద కసి తీర్చుకుంటారేమోనని భయపడ్డాను.

కట్టిన 30 వేలలో 18 వేలే తిరిగి ఇచ్చారు, మిగిలినవి బయటి పరీక్షలకు పోయాయన్నారు. ఆ పరీక్షల కాగితాలు మాత్రం చూపలేదు. సోమవారం మళ్ళీ గుంటూరు బస్సు ఎక్కుతున్నాను. రసీదును అమ్మ కార్డుతో పాటే ప్లాస్టిక్ కవరులో పెట్టి దూలానికి వేలాడదీశాను.